చేతిలో లేసు అల్లిక

మన సోలాపూర్ భవాని పేటలో నూలు సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. తరాల క్రితం వలస వచ్చిన తెలుగు పద్మశాలీలు నేసిన చద్దర్లు ఈ ఊరికి పేరు తెచ్చాయి. మరి మగ్గం లేకుండా, ఒక్క కొక్కెం సూదితో నూలును లేసుగా మార్చే పని చూశారా?

పశ్చిమ గోదావరిలోని నరసాపురం ఈ పనికి పెట్టింది పేరు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక అక్కడి ఆడవాళ్ల చేతుల్లో గొప్ప కళ అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ గౌరవం ఎప్పుడో రావలసింది.

సరదాగా నేర్చుకునేవాళ్లు ముందు గొలుసు కుట్టు పట్టాలి. కాస్త లావు నూలు తీసుకోండి, కుట్లు కంటికి ఆనుతాయి. దారాన్ని ఎడమ చూపుడు వేలి మీదుగా పోనివ్వండి. బిగువు ఆ వేలిదే.

తర్వాత గుండ్రటి అల్లిక. ఇక్కడే అసలు పరీక్ష. కుట్లు ఎక్కువైతే అంచు ముడతలు పడుతుంది. తక్కువైతే గిన్నెలా పైకి లేస్తుంది. అందుకే ప్రతి వరుస చివరా ఆగి లెక్క చూసుకోండి. మళ్లీ చెబుతున్నాను: వేలి దగ్గర బిగువు, వరుస చివర లెక్క. ఈ రెండూ కుదిరితే చెయ్యి దానంతటదే సాగుతుంది.

పూర్తయ్యాక తడిపి, గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టండి. అప్పుడే డిజైను విచ్చుకుంటుంది.

అక్కలారా, చెల్లెళ్లారా, ఇంట్లో ఉన్న చేతిరుమాలు అంచుతో ఈ వారమే మొదలుపెట్టండి.