వ్యాధి వెంట వచ్చు ఆధి: దానిని కొలుచు తీరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయ దీపము నారిపోకుండ కాపాడిన కార్యకర్తలకు మొదట నా నమస్కారములు. ఊరి లెక్కలు వ్రాసికొనువానికి వైద్యవిషయమును గూర్చి మాటలాడు అధికార మెక్కడిదని మీలో కొందరికి తోచవచ్చును. వైద్యము నాకు రాదు. నేను చెప్పబోవునది కొలతను గూర్చి. కొలతతో నాకు చిరకాల సహవాసము కలదు.

అమరకోశము చదివినవారికి ఆధి, వ్యాధి యను రెండు మాటలును పరిచితములే. దేహమునకు వచ్చునది వ్యాధి. మనస్సునకు వచ్చునది ఆధి. పెద్దలు ఈ రెంటిని జంటగనే పలికిరి. ఒకటి చొచ్చిన యింటికి రెండవదియు తరచుగ వచ్చుచుండును. మధుమేహమువలన ఒక రైతునకు పాదము తీసివేసిరనుకొందము. పుండు మానినది. కాని యతడు పొలము మాట యెత్తడు. చూడవచ్చినవారికి మొగము చాటువేయును. వేళకు మందు పుచ్చుకొనడు. రాత్రి కన్ను మూయడు. ఊరిలో ఒకరు, "అంత కష్టము వచ్చినవానికి దుఃఖము సహజమే కదా" యని ఊరకుందురు. మరియొకరు, "మతి చెడినది" అందురు. మొదటి మాటవలన అతనికి సాయ మందదు. రెండవ మాటవలన అతడు సాయ మడుగుటకు సిగ్గుపడును.

ఈ రెండు మాటలకు నడుమ నున్న స్థితికి వైద్యు లొక పేరు పెట్టిరి. ఇంగ్లీషున అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అందురు; తెలుగున సర్దుబాటు రుగ్మత యనవచ్చును. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథములో ఈ పేరు స్థిరపడినది. వచ్చిపడిన కష్టమునకు మనస్సు సర్దుకొనలేక, నిత్యకృత్యములు చెడునంతగా నలిగిపోవుటయే దీని స్వరూపము.

ఇది అరుదుగా వచ్చునది కాదు. 1983లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, అమెరికాలోని మూడు కేంద్రములలో 215 మంది క్యాన్సరు రోగులను పరీక్షింపగా, నూటికి 47 మందికి గుర్తింపదగిన మానసిక రుగ్మత కనబడినది. ఆ రుగ్మత గలవారిలో నూటికి 68 మందిది సర్దుబాటు రుగ్మతయే. అనగా మొత్తము రోగులలో నూటికి 32 మంది. 2011లో 94 పరిశీలనలను పోల్చి చూచిన మరియొక వ్యాసములో, క్యాన్సరు చికిత్సాలయముల రోగులలో ఇది నూటికి 19 మందికి ఉన్నట్లు తేలినది. పరీక్షింపబడిన రోగులును, కొలిచిన తీరును మారినకొలది అంకె మారును. కనుక అంకె నడుగుటకు ముందు కొలపాత్ర నడుగవలెను.

ఈ కొలతలో మొదటి చిక్కు ఇది. నిద్ర పట్టకపోవుట, ఆకలి మందగించుట, నీరసము, ఇవి దుఃఖమునకు గుర్తులే, రోగమునకును గుర్తులే. భగవద్గీత మొదటి అధ్యాయములో అర్జునునకు అవయవములు పట్టు తప్పినవి, నోరెండినది, ఒడలు వణకినది. అతని దేహమున ఏ రోగమును లేదు. అది మనస్సు చేసిన పని. మూత్రపిండముల జబ్బుతో డయాలిసిస్ చేయించుకొనువాని నీరసము అట్టిది కాదు. అది చాలవరకు రోగముయొక్క పని. దానిని దుఃఖముక్రింద గూడ వ్రాసినచో, ఒకే పద్దును రెండు ఖాతాలలో ఎక్కించినట్లగును. ఈ సంగతి గ్రహించియే 1983లో జిగ్మండ్, స్నెయిత్ అను ఇరువురు వైద్యులు ఆసుపత్రి రోగులకొరకు 14 ప్రశ్నల పట్టికను కూర్చిరి. ఆందోళనకు ఏడు, దిగులునకు ఏడు. దేహ లక్షణములను సాధ్యమైనంతవరకు వదలి, మునుపటి యానందము మిగిలినదా, భయము వెన్నాడుచున్నదా యని అడిగిరి.

అయినను అది ఆందోళనను, దిగులును కొలుచునే గాని, అవి దేనివలన వచ్చినవో చెప్పదు. సర్దుబాటు రుగ్మతకు హేతువు, కాలము, కార్యభంగము అను మూడును కావలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టిక ప్రకారము, ఇది కష్టము వచ్చిన నెలలోపల సాధారణముగ మొదలగును. రోగి ఆ కష్టమునే మాటిమాటికి తలపోయుచుండును. పనిపాటలును బాంధవ్యములును చెడును. కష్టము తీరినపిమ్మట ఆరు నెలలలోపల సాధారణముగ తగ్గును. అయితే డయాలిసిస్ వంటిది తీరు కష్టము కాదు. వారమునకు రెండు మూడు దినములు మరల మరల వచ్చును. అట్టివారి విషయమున ఆరు నెలల గీత గీచుట న్యాయము కాదు.

జూరిచ్‌లో ఆచార్యుడుగ నుండిన ఆండ్రియాస్ మేర్కర్ మొదలగువారి కృషివలన రూపొందిన ప్రశ్నావళి ఈ మూడింటిని గమనించును. మొదట ఏ కష్టము వచ్చినది, ఎప్పుడు వచ్చినది యని గుర్తింపజేయును. పిమ్మట 20 వాక్యములకు, 'ఎన్నడును లేదు' మొదలు 'తరచుగ' వరకు, 1 నుండి 4 వరకు అంకె వేయించును.

రెండవ చిక్కు భాషది. పైన చెప్పిన 14 ప్రశ్నల పట్టికలో, కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుచున్నట్లు భయము కలుగుచున్నదా యను అర్థముగల ప్రశ్న ఒకటి కలదు. ఇంగ్లీషువారికది నుడికారము. మన ముసలమ్మ నడిగిన నవ్వును. "కడుపులో చేయి పెట్టి దేవినట్లున్నదా అమ్మా" యని యడిగిన కన్నీరు పెట్టుకొనును. మాటకు మాట తెనిగించిన కొలపాత్ర చిల్లుపడిన కుంచము వంటిది. మన రోగుల మాటలతో సరిచూచినగాని వాడరాదు.

మూడవది మిక్కిలి ముఖ్యము. అంకె తీర్పు కాదు. అది జల్లెడ, ఎవరితో నిదానముగ మాటలాడవలెనో చూపును. నిర్ణయము వైద్యుడు రోగితో మాటలాడి చేయవలసినదే. చదువురానివారికి ప్రశ్నలు చదివి వినిపింపవలెను. కాని కొడుకో కోడలో వారికి బదులుగ జవాబు చెప్పరాదు. దుఃఖము ఎవరిదో సాక్ష్యమును వారిదే.

మన మేమి చేయగలము? ఇంటిలో జబ్బుపడి లేచినవారిని, "పుండు మానినదా" యని యడిగి ఊరకొనక, "నిద్ర పట్టుచున్నదా? మనస్సునం దేమి మెదలుచున్నది? ఇదివరకు చేయు పనులలో ఏది చేయబుద్ధి కాకున్నది?" యని యడుగుదము. వారములు గడచినను తేరుకొనకున్న, మందులు మానివేసిన, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకు తెలుపుదము. బ్రతుకు మీద విరక్తిమాట ఒక్కటి వినబడినను, ఏ అంకెకొరకును ఆగరాదు. వారిని ఒంటరిగ విడువరాదు. వెంటనే వైద్యునియొద్దకు గొనిపోవలెను. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ కు 14416 అను సంఖ్యతో రేయింబవళ్ళు ఉచితముగ ఫోను చేయవచ్చును. ఈ సంఖ్యను గ్రంథాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలసినదిగ కార్యవర్గమును ప్రార్థించుచున్నాను.

భూమి కొలుచునది పంట పండించుటకు; ధాన్యము కొలుచునది అన్నము పెట్టుటకు. దుఃఖమును కొలుచుటయు దుఃఖితునికి సాయపడుటకొరకే. కొలిచి ఊరకున్నచో ఆ కొలత వ్యర్థము.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక! స్వస్తి.