వంటవిద్య - దివ్యాంగుల జీవనోపాధి

మన ఇండ్లలో వంటయిల్లు అందరికిని తెరచియుండు గది. అయినను ఆ యింటనే పుట్టి పెరిగిన ఒక్కరికి మాత్రము ఆ గడప దాటుటకు అనుమతి యుండదు. చూపు లేని చెల్లెలు, వినికిడి లేని తమ్ముడు, వయస్సు వచ్చినను మేధోవికాసము వెనుకబడిన కుమారుడు - వీరిలో ఎవరైనను పొయ్యి దగ్గరకు వచ్చినచో, "నువ్వు ఇటు రాకు నాయనా, చేయి కాలుతుంది" అని వెనుకకు పంపుదుము. ఆ మాటలో ఉన్నది ప్రేమయే. కాని ఆ ప్రేమ ముప్పది సంవత్సరములు అట్లే సాగిన పిమ్మట, వృద్ధురాలైన తల్లి రాత్రివేళ నిద్రపట్టక ఒకే ప్రశ్న వేసికొనును: "నా తరువాత వీడికి అన్నం ఎవరు పెడతారు?"

ఈ ప్రశ్నకు ఒక సమాధానము వంటశాలలోనే కలదని చెప్పుటకే ఈ ప్రసంగము.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2 కోట్ల 68 లక్షల మంది దివ్యాంగులు ఉన్నారు. 2016లో చేయబడిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. వృత్తిశిక్షణకును, స్వయం ఉపాధికిని ప్రభుత్వములు పథకములు రూపొందింపవలెనని కూడ శాసించినది. కాని చట్టము తలుపు తెరవగలదే గాని, చేయి పట్టుకొని లోపలికి తీసికొనిపోజాలదు. ఆ పని శిక్షకునిది. అంతకు ముందు, కుటుంబముది.

వృత్తులు ఎన్నియో ఉండగా వంటయే ఏల? వంటపని చిన్న చిన్న భాగములుగా విడదీయుటకు వీలైనది. కూరలు తరుగువా డొకడు, పిండి కలుపువా డొకడు, వడ్డించువా డొకడు. ఎవరి శక్తికి తగిన భాగము వారికి దొరకును. పైగా ఫలితము కొరకు సంవత్సరము వేచియుండ నక్కరలేదు; గంటలోనే పళ్లెములో కనబడును.

మేధోవైకల్యము గలవారికి శిక్షణ యిచ్చు విధానమును కొంచెము వివరింతును. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఈ వర్గము వారి విద్యకును, పునరావాసమునకును కృషి చేయుచున్నది. "ఉప్మా చేయి" అని మనము ఒక్క మాటలో అందుము. కాని ఆ మాటలో పదునైదు పనులైనను దాగియున్నవి. శిక్షకుడు వానిని వేరుచేసి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క బొమ్మ గీసి, వరుసగా గోడకు అంటించును. లెక్క రానివానికి మూడు గ్లాసుల నీరు పోయుట యెట్లు? పళ్లెములో మూడు గవ్వ లుంచి, గ్లాసు పోసినప్పుడెల్ల ఒక గవ్వను ప్రక్క పళ్లెములోనికి మార్చుమని నేర్పుదురు. గవ్వలు అయిపోయినచో నీరు సరిపోయినట్లే.

కొన్ని సందర్భములలో చివరి మెట్టును మొదట నేర్పుదురు. శిక్షకుడు ఉప్మా అంతయు చేసి, పళ్లెములో వడ్డించు పనిని మాత్రము విద్యార్థికి విడుచును. మరికొన్ని దినములకు దింపుటయు, అటుపిమ్మట కలుపుటయు అతనివే యగును. ఈ పద్ధతిలో ప్రతి పాఠమును అతని చేతితోనే పూర్తియగును. "నేను చేసితిని" అను తృప్తి మొదటినాడే కలుగును.

చూపు లేనివారి మార్గము వేరు. ఆవాలు చిటపటలాడుట చెవికి తెలియును. పోపు వేగుట ముక్కునకు తెలియును. వ్రేళ్ల కొనలను లోనికి ముడిచి, కణుపులను కత్తికి అడ్డుగోడగా నిలిపి తరుగుట నేర్చినచో చేతికి భయము తక్కువ. వారికి ముఖ్యముగా కావలసినది ఒక్కటే - ఉప్పు డబ్బా నిన్న ఉన్నచోటనే నేడును ఉండవలెను. 2012లో అమెరికాలో జరిగిన ప్రసిద్ధమైన టెలివిజన్ వంటల పోటీ మాస్టర్ షెఫ్‌లో విజయము పొందిన క్రిస్టీన్ హా చూపు కోల్పోయిన స్త్రీయే. ఇక వినికిడి లేనివారికి గంటకు బదులు దీపము వెలుగవలెను. చక్రముల కుర్చీలో కూర్చుండువారికి వంటగట్టు ఎత్తు తగ్గించి, దాని క్రింద మోకాళ్లు పట్టునంత ఖాళీ విడువవలెను. లోపము మనిషిలో ఉన్నదని మనము అనుకొన్నది, పలుమారులు గట్టు ఎత్తులోనే ఉండును.

ఇవి కేవలము ఊహలు కావు. 2015లో ముంబయిలో మిర్చి అండ్ మైమ్ అను భోజనశాల వినికిడి లేని యువకులను వడ్డనకు నియమించి, వంటకముల పట్టికలో వాని సంజ్ఞలను కూడ చూపినది. 2017లో హుబ్బళ్లిలో ఆలీనా ఆలం ప్రారంభించిన మిట్టీ కెఫే దివ్యాంగులచేతనే నడుపబడుచు ఇతర నగరములకు వ్యాపించినది. 2023 నవంబరులో భారత సర్వోన్నత న్యాయస్థానపు ఆవరణలోనే దాని శాఖ యొకటి తెరువబడినది.

అయినను ఒక హెచ్చరిక అవసరము. ధ్రువపత్రము చేతికిచ్చి ఫోటో తీయించుటతో శిక్షణ ముగిసినచో అది శిక్షణ కాదు. పనికి తగిన వేతనము లభింపవలెను. అట్లే, తినువారు జాలితో మెచ్చుకొనుటయు మేలు కాదు. ఇడ్లీ గట్టిగా ఉన్నచో గట్టిగా ఉన్నదనియే చెప్పవలెను. తప్పు తెలిసినవాడే మరునాడు సరిదిద్దుకొనును. తోటి వంటవానికి ఇచ్చు గౌరవమును వారికిని ఇచ్చుట అనగా ఇదియే.

శ్రోతలలో ఎవరి యింటనైన అట్టి బిడ్డ యున్నచో, శిక్షణాలయము కొరకు వేచియుండ నక్కరలేదు. రేపటి ఉదయము చిక్కుడుకాయలు ముందుంచి, ఈనెలు తీయుట చూపవలెను. మొదటిదినము సగము వృథా కావచ్చును. చేయి ఒకసారి చురుక్కుమననూవచ్చును. మనము వంట నేర్చిన నాడు మనకును చురుక్కుమన్నది. ప్రక్కన నిలిచి ఓపికతో చూడవలెను గాని, చేతిలోనిది లాగికొనరాదు. తల్లికి నిద్రపట్టనీయని ఆ ప్రశ్నకు సమాధానము వెదకుట, ఆ గిన్నెడు చిక్కుడుకాయలతోనే ప్రారంభింపవచ్చును.