యంత్రానికీ ఒక సర్వీసు రిజిస్టరు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లైఫ్ సర్టిఫికెట్ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఎక్కడ, ఎలా ఇవ్వాలో మీకు తెలిసినదే. అందుచేత మనం ఏటా వేలు పెట్టే ఆ చిన్న యంత్రం గురించి మాట్లాడతాను. మన పెన్షన్ దాని మీద ఆధారపడి ఉన్నది కదా!

2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ పథకం ప్రారంభమైంది. వేలిముద్రను ఆధార్ సంస్థ దగ్గరున్న నమూనాతో సరిచూసి, మనం జీవించే ఉన్నామని ధ్రువీకరించడమే దాని పని. దూరాన పిల్లల దగ్గర ఉన్నవారికి ఇది గొప్ప మేలు. కాదనను.

అయితే వేలిముద్ర కలవకపోతే మనం వెంటనే వేలినే నిందించుకుంటాము. వయసుతో చర్మం ఎండుతుంది, గీతలు అరుగుతాయి, నిజమే. కొబ్బరికాయలు ఒలిచే చేతులైతే మరీను. కాని తప్పు అన్నిసార్లూ వేలిది కాదు.

ఆ యంత్రానికి మూడు ప్రాణాలున్నాయి. ఒకటి, వేలు పెట్టే అద్దం. రెండు, దానిని ఆధార్‌తో కలిపే ఆర్.డి. సర్వీసు అనే సాఫ్ట్‌వేర్. చాలా పరికరాలకు తయారీదారు దీనిని కొంతకాలం ఉచితంగా ఇచ్చి, ఆపైన రుసుము తీసుకుని పొడిగిస్తాడు. గడువు దాటితే యంత్రం చెక్కుచెదరకుండా బల్ల మీదే ఉంటుంది, పని మాత్రం జరగదు. మూడు, యంత్రం తరం. పాత ఎల్-0 పరికరాలను తీసివేసి ఎల్-1 పరికరాలు పెట్టాలని ఆధార్ సంస్థ నిర్ణయించి, గడువులు పెట్టి, పొడిగిస్తూ వచ్చింది. కొత్తదానిలో వేలిముద్రకు రక్షణ పరికరం లోపలి చిప్‌లోనే జరుగుతుంది కనుక దొంగతనానికి అవకాశం తక్కువ. మార్పు మంచిదే. కాని ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, అందాకా వచ్చినవాళ్ల పని ఎలా జరగాలి అన్నది కూడా మొదటి రోజే తేలాలి కదా! ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే ఎలా?

ఇది సాధ్యమేనా అని అడిగేవారికి ఓటింగ్ యంత్రాన్ని చూపిస్తాను. 2004లో దేశమంతటా లోక్‌సభ ఎన్నికలు ఆ యంత్రాలతోనే జరిగాయి. మనలో చాలామందిమి ఆ డ్యూటీ చేసినవాళ్లమే. ఆ యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థలలో ఒకటి మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. 1967లో ఆ సంస్థ స్థాపనకు మూలపురుషుడు డాక్టర్ ఎ.ఎస్. రావు గారు. గోదావరికి ఆవలి గట్టున భీమవరం దగ్గరి మోగల్లు ఆయన ఊరు.

ఓటింగ్ యంత్రానికి ఆయుర్దాయం 15 ఏళ్లని ముందే నిర్ణయించారు. ప్రతి ఎన్నికకు ముందు తయారుచేసిన సంస్థ ఇంజనీర్లే, పార్టీల ప్రతినిధులను పిలిచి, మొదటి దశ తనిఖీ చేస్తారు. కరెంటు లేని ఊరిలో కూడా పనిచేయడానికి బ్యాటరీ ఉంటుంది. ఒకటి మొరాయిస్తే మార్చడానికి మరొకటి సిద్ధంగా ఉంటుంది. 2006 వరకు తయారైన మొదటి తరం యంత్రాలు 2014 ఎన్నికల తరువాత విశ్రాంతి తీసుకున్నాయి. అంటే వాటికీ నియామకం, సర్వీసు, పదవీ విరమణ అన్నీ ఉన్నాయన్నమాట! ఓటుకు అంత జాగ్రత్త పడినప్పుడు, ముసలివాడి నోటి ముద్దకు ఆ జాగ్రత్తలో నాలుగోవంతైనా పడకూడదా?

కనుక సంఘం తరఫున ఈ కోరికలు పంపాలని ప్రతిపాదిస్తున్నాను. వేలిముద్ర తీసుకునే ప్రతి కేంద్రంలోనూ యంత్రానికొక రిజిస్టరు ఉండాలి. కొన్న తేదీ, ఆర్.డి. సర్వీసు గడువు, మరమ్మతులు, తీసివేయవలసిన తేదీ అందులో రాయాలి. లైఫ్ సర్టిఫికెట్ల కాలం రాకముందే యంత్రాలను తనిఖీ చేయాలి. రద్దీ ఉన్నచోట అదనంగా ఒకటి ఉంచాలి. వేలిముద్ర కలవకపోతే ఫలానా రోజు వచ్చారని చీటీ రాసి ఇవ్వాలి. యంత్రం పనిచేయలేదన్న కారణంతో ఒక్కరి పెన్షన్ కూడా ఆగకూడదు.

ఈలోగా మనం చేయవలసినది. ఒకసారి కలవకపోతే దిగులుపడి తిరిగి వచ్చేయకండి. అద్దం తుడవమనండి, వేరే వేలు పెట్టండి, సర్వీసు గడువు ఉన్నదా అని మర్యాదగా అడగండి. కనుపాపతో చూసే యంత్రం ఉంటే అది వాడవచ్చు. 2021 నవంబరు నుంచి సెల్‌ఫోనులో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది, మనవలు అయిదు నిమిషాల్లో చేసిపెడతారు. మంచం దిగలేనివారు పోస్టుమ్యాన్‌ను ఇంటికి పిలిపించుకోవచ్చు. ఏదీ కుదరకపోతే కాగితం మీది సర్టిఫికెట్ ఎలాగూ ఉంది. మీ ట్రెజరీలోనో బ్యాంకులోనో అడిగి ఇవ్వండి, అందినట్లు రసీదు మాత్రం మరవకండి.

ప్రతిపాదనను చర్చకు పెట్టవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను.