నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందుండాలి

ఈ ఎపిసోడ్‌లో కిందటి వేసవి సెలవు రోజుల్లో నేనూ, మా ఆవిడా చేసిన రెండు పనుల గురించి చెప్తాను. ఒకటి సైకిల్ తొక్కడం, రెండోది ఇంటికి మేమే మరమ్మతులు చేసుకోవడం. వినడానికి ఈ రెండింటికీ సంబంధం లేనట్టే ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను.

మేముండేది హైదరాబాద్‌లో, మణికొండ దగ్గర. చిన్న ఇల్లు. కింద రెండు బెడ్‌రూములు, హాలు, వంటిల్లు. పైన డాబా మీద ఒక్కటే గది. నాకు యాభై దాటాయి, మా ఆవిడకి నలభై ఆరు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. శని, ఆదివారాలు వచ్చాయంటే ఆవిడ చేతిలో ఫోను, నా చేతిలో ఫోను. మధ్యలో ‘టిఫినేంటి’, ‘కూరేంటి’ అని రెండు మాటలు. గొడవలేం లేవు, కానీ మాటలు కూడా లేవు.

మార్చి చివర్లో మా ఆవిడే అంది, ‘ఏవండీ, ఈ వేసవి ఎనిమిది వారాలు పొద్దున సైకిల్ తొక్కుదాం, సాయంత్రం ఇంటి పనులు చూద్దాం’ అని. కాగితం మీద జాబితా కూడా రాసింది. బాల్కనీలో మొక్కలకి స్టాండు, వంటింట్లో అల్మారా, కారే కుళాయి, సైకిళ్ళు తగిలించడానికి గోడకి కొక్కేలు. అన్నిటికంటే చివర ‘పై గది వేడి’ అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

ముందు సైకిల్ సంగతి చెప్తాను. మాకు దగ్గరలో నార్సింగి ఉంది. అక్కడి నుంచి కొల్లూరు దాకా ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే సైకిల్ ట్రాక్ వేశారు. 14.5 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఇంకొకటి, 8.5 కిలోమీటర్లు. రెండూ కలిపి 23. 2023 అక్టోబర్‌లో ప్రారంభమైంది. పైన సోలార్ పలకలతో కప్పు ఉంటుంది కాబట్టి ఎండ నేరుగా తగలదు. పక్కన కార్లు, లారీలు వెళ్తుంటాయి కానీ మన దారిలోకి రావు. యాభైల్లో మళ్ళీ సైకిల్ ఎక్కేవాళ్ళకి అది పెద్ద ధైర్యం.

మేలో ఇక్కడ ఆరు కాకముందే తెల్లారిపోతుంది. ఎనిమిది దాటితే గాలి కూడా వేడెక్కుతుంది. అందుకని అయిదింటికి లేచి, అయిదున్నరకల్లా బయల్దేరాలని పెట్టుకున్నాం. ఒక సీసాలో మంచినీళ్ళు, ఒక సీసాలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ. ఇంటికొచ్చాక రాగి అంబలి.

మొదటి శనివారమే దెబ్బ తిన్నాం. దెబ్బంటే సైకిల్‌కి కాదు.

నేను కాలేజీ రోజుల్లో బాగా తొక్కేవాణ్ణి. ట్రాక్ ఎక్కగానే ఆ ఊపు వచ్చేసింది. కోకాపేట దాటాక కాసేపటికి ఒక చోట ఆగి, టీ తాగి, వెనక్కి చూశాను. ఆవిడ లేదు. వస్తుందిలే అనుకున్నాను. పది నిమిషాలైంది, ఇరవై అయ్యాయి. ఫోను చేద్దామంటే ఆవిడ ఫోను నా సంచిలోనే ఉంది. బరువెందుకని నేనే తీసి పెట్టాను. వెనక్కి తిప్పి వెళ్తే, సైకిల్ నెట్టుకుంటూ నడిచి వస్తోంది. వెనక టైరు పంచరు. గాలి పంపూ, పంచర్ కిట్టూ కూడా నా సంచిలోనే ఉన్నాయి.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒకటే మాట అంది. ‘నేను మీతో రాలేదండీ, మీ వెనకాల వచ్చాను.’

ఆ మాట ఆ ఒక్క పొద్దుటి గురించే కాదని నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కాపురం ఉంది దాని వెనకాల. పెళ్ళిళ్ళకి వెళ్ళినా, గుళ్ళకి వెళ్ళినా, షాపింగ్‌కి వెళ్ళినా నేను పది అడుగులు ముందుంటాను.

ఆ తర్వాతి వారం ట్రాక్ మీద ఒక పెద్దాయన కలిశారు. డెబ్భై ఏళ్ళుంటాయి. ఆగి మంచినీళ్ళు తాగుతుంటే మాటల్లో ఆయన అన్నారు, ‘ఇద్దరు కలిసి తొక్కేటప్పుడు నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందుండాలి బాబూ. వేగం వాళ్ళది. వెనకున్నవాడు ఆ వేగానికి సర్దుకోవాలి’ అని. ఇంత చిన్న విషయం. అలా తొక్కితే నిజంగానే ఎవరూ తప్పిపోరు. ముందున్న మనిషికి ఆయాసం వచ్చినా, చైను ఊడినా వెనకున్నవాడికి కనపడుతుంది. ముందున్నవాడికి మాత్రం వెనక ఏం జరుగుతోందో కనపడదు.

ఆ రోజు నుంచి ఆవిడ ముందు, నేను వెనక. మొదట్లో నాకు విసుగొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? అరగంట తర్వాత ఒకటి గమనించాను. ఆవిడ కుడి మోకాలు బయటికి తిరుగుతోంది. సీటు కిందకుంది. సీటు మీద కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు కాలు దాదాపు నిటారుగా రావాలి. అప్పుడు మునివేళ్ళ దగ్గరి భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అది సరైన ఎత్తు. సీటు పైకి లేపాం. ‘అబ్బ, ఇన్నాళ్ళూ నాకే చేతకాదనుకున్నాను’ అంది. నేను ముందుండి ఉంటే ఆ మోకాలు నాకు కనపడేదే కాదు.

ఇప్పుడు ఇంటి సంగతికి వస్తాను.

ఏప్రిల్ నెలంతా జాబితా ప్రకారమే చేశాం. స్టాండు అయింది, కుళాయికి వాషరు మార్చాం, కొక్కేలు బిగించాం. ఒక రాత్రి రెండింటప్పుడు మంచినీళ్ళకి లేచాను. మెట్ల మలుపు దగ్గర చాప మీద ఎవరో పడుకుని ఉన్నారు. లైటు వేస్తే మా అమ్మ.

పై గది అమ్మది. అంతకుముందు కిందే ఉండేది. మా వాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంట్రన్స్‌కి చదువుకోవాలని తన గది వాడికిచ్చి తానే పైకి వెళ్ళింది. మేం వద్దన్నాం. ఒకసారి వద్దని, ఊరుకున్నాం. గదిలో ఏసీ పెట్టించాం కానీ వెయ్యదు. మోకాళ్ళు పట్టేస్తాయంటుంది.

‘ఎన్నాళ్ళ నుంచమ్మా ఇక్కడ?’ అన్నాను.

‘ఉగాది దాటిన కాడి నుంచి. ఇక్కడ కొంచెం గాలి తగుల్తది. నువ్వు పోయి పడుకో నాన్నా, పొద్దున సైకిలుంది కదా’ అంది.

నెల రోజులు. మేం బాల్కనీలో మొక్కలకి స్టాండు చేస్తున్న నెల రోజులూ డెబ్భై ఆరేళ్ళ మనిషి మెట్ల మీద పడుకుంది. ఏసీ పెట్టించాం కదా అని మళ్ళీ అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

పొద్దున మా ఆవిడకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కాగితం తీసి చివర ఉన్నదాన్ని కొట్టేసి, పైన మొదటి వరసలో రాసింది. ‘మనింట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది అత్తయ్యండీ. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి వెనకాల వదిలేసి మనం తొక్కుకుంటూ వెళ్ళిపోయాం’ అంది.

ఆ రోజే అమ్మని కిందికి రమ్మన్నాం. ‘వాడి పరీక్ష అయ్యేదాకా రాను’ అని భీష్మించుకుంది. సరే, గది సంగతే చూద్దామనుకున్నాం.

పై గది రాత్రిపూట ఎందుకంత వేడిగా ఉంటుందంటే, సిమెంటు స్లాబు పగలంతా ఎండని తాగుతుంది. అది ఒక్కసారిగా కిందికి దిగదు. నెమ్మదిగా దిగి, పొద్దుగూకాక గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. బయట గాలి చల్లబడుతుంటే లోపల ఉడుకుతుంది. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పుతుంది. అమ్మ పుట్టి పెరిగింది పెంకుటింట్లో. పెంకుల సందుల్లోంచి వేడి పోతుంది. ‘ఈ స్లాబు రాత్రిపూట పొయ్యి లెక్క ఉంటది’ అని ఆవిడ ఎప్పుడూ అనేదే. మేం మాటవరసకి అంటోందనుకున్నాం.

దీనికి విరుగుడు పైకప్పుని తెల్లగా చేయడం. తెలుపు ఎండని తిప్పికొడుతుంది. పాతకాలం నుంచీ డాబాల మీద సున్నం కొట్టేది అందుకే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇదే విషయం మీద కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. సున్నం, తెల్ల పెయింటు, తెల్ల టైల్స్, ఏదైనా సూత్రం ఒకటే.

మొదటిసారి నేను సొంత తెలివి చూపించాను. ఆదివారం పదకొండింటికి, మండుటెండలో, స్లాబు సరిగ్గా కడగకుండా, ఉత్త సున్నం నీళ్ళలో కలిపి కొట్టేశాను. గంటలో పనైపోయింది. మూడో రోజు గాలివాన వచ్చింది. సున్నమంతా గోడల మీద చారలు చారలుగా దిగింది. అమ్మ చూసి, ‘ఇల్లు మీద కొంగలు వాలినట్టుంది’ అంది. ముగ్గురం నవ్వుకున్నాం. నాకు లోపల సిగ్గేసింది.

రెండోసారి మా ఆవిడ చెప్పినట్టు చేశాం. మీరు చేసుకోవాలంటే వరస ఇది.

మొదట చీపురుతో ఊడ్చి, పాచినీ, పాత సున్నాన్నీ వైరు బ్రష్‌తో గీకాలి. నీళ్ళతో కడిగి ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. పగుళ్ళు ఉంటే పూడ్చి, అదీ ఆరాకే రంగు. వేడి స్లాబు మీద రంగు వేస్తే పట్టుకోకముందే ఎండి పెచ్చులూడుతుంది. కాబట్టి తెల్లవారుజామున గానీ, ఎండ తగ్గాక గానీ వేయాలి. మేం పైకప్పుకని అమ్మే తెల్ల పెయింటు వాడాం. రెండు పూతలు. మొదటిది నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా. మధ్యలో ఎంతసేపు ఆగాలో డబ్బా మీద ఉంటుంది, చదవండి. సున్నమే వాడితే అందులో జిగురు తప్పకుండా కలపాలి, చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. కళ్ళలో పడితే ప్రమాదం.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ గది మీదికి మెట్లు లేవు, పిట్టగోడ లేదు. నిచ్చెన వేసుకునే ఎక్కాలి. నేను ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ ఆవిడ కింద నిచ్చెన పట్టుకునే ఉంది. ‘అవతలి చివర మొదలుపెట్టి, కూర్చునే జరుగుతూ నిచ్చెన వైపుకి రండి. తొందరపడకండి’ అని చెప్తూనే ఉంది. నా జీవితంలో అంత నెమ్మదిగా చేసిన పని ఇంకోటి లేదు. మీకు బీపీ ఉన్నా, కళ్ళు తిరుగుతాయన్నా ఎక్కొద్దు. పనివాళ్ళని పెట్టుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

పడమటి గోడకి కూడా మధ్యాహ్నం ఎండ బాగా కొడుతుంది. గోడకి ఆనకుండా, ఒక అడుగు దూరంలో గ్రీన్ నెట్ కట్టాం. ఆ రెండు కలిశాకే తేడా తెలిసింది. గదిలో ఒక థర్మామీటరు, బయట నీడలో ఒకటి పెట్టి రాత్రి తొమ్మిదింటికి రాసుకున్నాం. రంగు వేయకముందు లోపల 37 ఉండేది. బయట వేడి దాదాపు అంతే ఉన్న రోజుల్లోనే, రంగూ నెట్టూ పడ్డాక 34 చూపించింది. మూడు డిగ్రీలేగా అనిపిస్తుంది. ఆ గదిలో పడుకునే మనిషికి అది చిన్నదేం కాదు.

అయినా అమ్మ రెండు రోజులు మెట్ల దగ్గరే పడుకుంది. అలవాటైపోయిందంది. మూడో రాత్రి నేను లేచి చూస్తే మలుపు ఖాళీ. పైకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల చిన్నగా గురక వినిపించింది. మా ఆవిడ కూడా నా వెనకాలే వచ్చి నిలబడింది. ఇద్దరం ఏం మాట్లాడకుండా కిందికి దిగాం. దిగేటప్పుడు మాత్రం నేను ఆగి, ఆవిణ్ణి ముందు దిగనిచ్చాను.

ఆ చాప ఇంకా అక్కడే చుట్టి ఉంది. తీసేద్దామంటే అమ్మ ‘ఉండనీ’ అంటుంది. ఉండనిచ్చాం. దాన్ని చూసినప్పుడల్లా అడగడం గుర్తొస్తుంది.

ఆ ఎనిమిది వారాల్లో వంటింటి అల్మారా కాలేదు. కొల్లూరు దాకా ఒక్కసారి కూడా వెళ్ళలేకపోయాం. కానీ శనివారం పొద్దున్నే ఇద్దరం మాట్లాడుకుంటూ తొక్కుతాం. ముందున్న ఆవిడ కొంచెం తల తిప్పి మాట్లాడుతుంది, నేను వింటాను. వెనకుంటే వినక తప్పదు కదా!

మీ ఇంట్లో కూడా చేయాల్సిన పనుల జాబితా ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని ఒకసారి కిందనుంచి పైకి చదవండి. ఇంట్లో ఏదీ అడగని మనిషి దగ్గర కూర్చుని, ‘రాత్రి నిద్ర పడుతోందా?’ అని అడగండి. ‘ఆఁ, పడుతోంది’ అంటే అక్కడితో లేచిపోకండి. ఇంకోసారి అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఎండలు జాగ్రత్త.