ఒక బెర్తు, రెండు కిటికీలు

శ్రోతలలో పలువురు సికింద్రాబాదులో రైలు టిక్కెట్టు కొరకు వరుసలో నిలిచినవారే. రైల్వే సమాచార సంస్థ ‘క్రిస్’ రూపొందించిన ‘కాన్సర్ట్’ రిజర్వేషను ఏర్పాటు 1994 సెప్టెంబరులో మొట్టమొదట ఈ ఊరనే అమలునకు వచ్చెను.

ఒక బండిలో ఒకే బెర్తు మిగిలినదనుకొందము. రెండు కిటికీలలోని గుమాస్తాలు ఒకే క్షణమున చూచిరి. ఇద్దరికిని ‘ఒకటి ఉన్నది’ అనియే కనబడెను. ఇద్దరును ఇచ్చివేసినచో, పరీక్షకు పోవు పిల్లయో, ఆసుపత్రికి పోవు ముసలివారో ఆ రాత్రి నిలువుకాళ్లమీద తెల్లవార్చవలసి వచ్చును.

దీనికి పాత ఉపాయము తాళము. ఒకరు పుస్తకము పట్టినంతసేపు తక్కినవారు వేచియుందురు. పుస్తకము ఒక్కటైనచో బాగే. విజయవాడకు ఒక బండి, అచటినుండి పూరీకి మరియొకటి కావలెనన్నచో పుస్తకములు రెండు. చెరియొకటి పట్టుకొని రెండవదానికై చేయి చాచిన గుమాస్తాలిద్దరు సాయంత్రము వరకు అట్లే కూర్చుందురు. కంప్యూటరు ప్రోగ్రాములకును ఈ గతి పట్టుట కలదు.

1993లో మారిస్ హెర్లిహీ, ఎలియట్ మోస్ యంత్రభాగములతో వేరొక త్రోవ చూపిరి. 1995లో నిర్ షావిత్, డాన్ తూయితూ దానిని సాఫ్ట్‌వేరుతోనే సాధింపవచ్చుననిరి. అదియే సాఫ్ట్‌వేర్ ట్రాన్సాక్షనల్ మెమరీ. ఇందు సాధారణముగా ప్రతివాడును తన పలకమీద లెక్క వేసికొని, తాను చూచిన అంకెలను గుర్తు పెట్టుకొనును. చివర ఆ అంకెలు మారలేదని తేలినచో మార్పులన్నియు ఒక్కమారుగా పుస్తకములకెక్కును. మారినచో పలక తుడిచి మొదటినుండి చేయును. సగము పని పరుల కంటబడదు. బెర్తుల లెక్క దాచు డేటాబేసులు పూర్వమునుండియే పాటించు నియమమిది. దానిని ప్రోగ్రాము లోపలి జ్ఞాపకమునకు తెచ్చుటయే విశేషము.

మేము పూర్వము పనిచేసిన ఒక కార్యాలయమున ఒకే కార్యక్రమ పట్టికను ఇద్దరము దిద్ది, ఒకరి దిద్దుబాటు మరొకరము తెలియకయే చెరిపితిమి. ఒక వృద్ధ విద్వాంసుడు ద్వారముకడ గంటసేపు కూర్చుండెను. ఆయన ఏమియు అనలేదు. మాకే ఇప్పటికిని సిగ్గు.

పలక తుడువవచ్చును గాని అచ్చయిన టిక్కెట్టును తుడువలేము. కావుననే 2005లో ఈ పద్ధతిని హాస్కెల్ భాషలో కూర్చినవారు, అచ్చువేయుట, సందేశము పంపుట వంటి పనులను లావాదేవీ లోపల వ్రాసినచో భాషయే నిరాకరించునట్లు చేసిరి. బెర్తు లేనిచో ఊరక మాటిమాటికి అడుగనక్కరలేదు. చూచిన అంకె మారువరకు ప్రోగ్రాము నిద్రించును. అయితే అందరును ఒకే అంకెమీద పడినచో పలకలు తుడుచుటతోనే ప్రొద్దు గడచును. తత్కాల్ వేళ వంటి త్రొక్కిడిలో పాత తాళమే మేలు కావచ్చును.