కాశీరత్నం కాయ చెప్పే పాఠం



విత్తు నుండి మొలక, మొలక నుండి మరల విత్తు. ఈ పరంపరకు మొదలు చెప్పలేమనడాన్నే శాస్త్రాలు బీజాంకుర న్యాయమన్నాయి. దానిని కన్నులారా చూడదలచి, మా పెరటి కాశీరత్నం తీగను ప్రతిదినమూ గమనించాను.

ఉదయం విచ్చిన ఎర్రని పువ్వు ఆనాడే వాడిపోతుంది. దాని క్రింది రక్షకపత్రాలు మాత్రం రాలక, పిందెను పొదివి పట్టుకుంటాయి. కాడ లావెక్కుతుంది. లేతకాయను చీల్చి చూడగా నాలుగు గింజలు పచ్చగా, మెత్తగా, నీరు నిండి ఉన్నాయి. ఎండలో ఉంచితే ముడుచుకుపోయాయి. తీగపైనే ముదిరిన గింజలో బీజదళాలు ఉత్తరీయం వలె మడతలు పడి ఉన్నాయి. చివరకు ఎండిన కాయ తానే పగిలి, నల్లని గట్టి గింజలను విడిచింది.

కాశీరత్నం ఏడాదితో ముగిసే తీగ. పూలన్నీ కోసివేస్తే మరుసటి ఏడు విత్తూ ఉండదు, స్వామికి పువ్వూ ఉండదు. కనుక కొన్ని పూలు తీగకే విడవండి, అదీ అర్చనయే.

వేదపాఠశాలకు దానమిచ్చి, బాలుడింకా పండితుడు కాలేదేమని ఏడాదికే అడిగే దాతలున్నారు. వారికి నా విన్నపం ఒక్కటే: పోషణ మానకండి, కాయ పండనివ్వండి.

స్వస్తి.