గోడ మీది బొమ్మ, గోడ కింది నేల



మన సంస్కృతి గురించి మాట్లాడమంటే థింసా, గుస్సాడి, జాతరలు, డోలు గుర్తొస్తాయి. ఈ రోజు కట్టడాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. 2019లో ములుగు, 2022లో పాడేరు, పార్వతీపురం జిల్లా కేంద్రాలయ్యాయి. ఊరు పట్నం అవుతుంటే ఆఫీసులు, పార్కులు, కూడళ్లు వస్తాయి. వాటి గోడల మీద గిరిజన బొమ్మలు వేయిస్తారు. చూస్తే మనకు సంతోషమే. అయితే ఆ బొమ్మ ఎవరిది, ఎవరు వేశారు, ఆ గోడ కింది నేల ఎవరిది అని కూడా అడగడం నేర్చుకోవాలి. ఇలా అడిగి సాధించుకున్న ఒక జాతి కథ చెబుతాం.

కెనడాలో వాంకూవర్ అనే పెద్ద నగరం ఉంది. అక్కడ ఫాల్స్ క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున స్క్వామిష్ ఆదివాసుల ఊరు ఉండేది. దాని పేరు సెనాక్వ్. 1869లో ప్రభుత్వమే దాన్ని వాళ్ల రిజర్వు భూమిగా గుర్తించింది. తర్వాత రైలు మార్గం పేరుతో కొంత తీసుకుంది. 1913లో అక్కడి కుటుంబాలను బల్లకట్టు మీద ఎక్కించి పంపేసి, ఇళ్లు తగలబెట్టారు. చుట్టూ నగరం పెరిగింది, పైన పెద్ద వంతెన వచ్చింది. ఊరు పేరు కూడా ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

స్క్వామిష్ వాళ్లు మాత్రం మరచిపోలేదు. ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. చివరికి 2003లో సుమారు పదిన్నర ఎకరాలు తిరిగి వాళ్ల చేతికొచ్చింది. పోయింది ఎంతో, వచ్చింది ఇంతే. అయినా అది నగరం నడిబొడ్డున ఉన్న నేల. ఏం చేయాలో 2019లో జాతి సభ్యులే ఓటు వేసి తేల్చుకున్నారు. ఎక్కువమంది కట్టడానికే ఒప్పుకున్నారు. 2022లో పని మొదలైంది. 11 టవర్లు, 6,000కు పైగా అద్దె ఇళ్లు. కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ 140 కోట్ల కెనడా డాలర్ల అప్పు ఇచ్చింది. అది రిజర్వు భూమి కాబట్టి ఎన్ని అంతస్తులు కట్టాలో నగరపాలక సంస్థ చెప్పడానికి లేదు. నీళ్లు, మురుగు కాలువల వంటి సేవలకు నగరంతో సమానంగా కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. అప్పు పెద్దది, దాంతో వచ్చే భారమూ పెద్దదే. అయినా ఆ నిర్ణయం వాళ్లదే.

అప్పుడు నగరంలో కొందరు ఒక మాట అన్నారు: "ఇంత ఎత్తు టవర్లు ఆదివాసీల పద్ధతేనా?" ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. గిరిజనుడంటే పూరిల్లే ఉండాలి, ఫోన్ పట్టుకుంటే గిరిజనుడు కాడు అన్నట్టు మాట్లాడేవాళ్లను మనమూ చూస్తున్నాం. మన తాతలు దొరికిన కర్రతో, మట్టితో, గడ్డితో తమ అవసరానికి తగ్గట్టు కట్టారు. మన పిల్లలు ఇప్పటి అవసరానికి తగ్గట్టు కట్టుకుంటారు. ఏది మన పద్ధతో చెప్పాల్సింది మనం.

ఇక బొమ్మల సంగతి. అదే నగరంలో స్టాన్లీ పార్కు ఉంది. అక్కడా ఆదివాసీ ఊళ్లుండేవి. పార్కు కోసం వాళ్లను ఖాళీ చేయించారు. 1920లలో ఎక్కడో ఉత్తర తీరంలో ఉండే వేరే జాతుల స్తంభాలు తెచ్చి అక్కడ నిలబెట్టారు. యాత్రికులు వచ్చి ఫొటోలు తీసుకుని, ఇక్కడి ఆదివాసీల కళ ఇదే అనుకుని వెళ్లేవారు. ఆ నేల అసలు వారసుల చెక్కడం తీరు వేరు. వృత్తం, నెలవంక, మూడు కొనల కోత వాళ్ల గుర్తులు. 2008లో మస్క్వియం జాతికి చెందిన సుసాన్ పాయింట్ అనే శిల్పి దేవదారు కర్రతో మూడు ద్వారాలు చెక్కి అక్కడ నిలబెట్టింది. అప్పటికి గానీ ఆ చోటి కళ ఆ చోటికి చేరలేదు.

మన దగ్గరకొద్దాం. గిరిజన కళ అనగానే గోడ మీద తెల్లటి వర్లీ బొమ్మలు వేస్తారు. వర్లీ గొప్ప కళే, కానీ అది మహారాష్ట్ర వర్లీ వాళ్లది. మన సవర ఇళ్లలో గోడ బొమ్మ ఉంది. అది అలంకారం కోసం వేసేది కాదు. పెద్దల కోసం, పంట కోసం, జబ్బు నయం కావాలని పూజతో వేసేది. అందులో ఏది నలుగురూ తిరిగే కూడలిలో పెట్టొచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో ఆ ఊరి పెద్దలు చెప్పాలి. వాళ్లను అడగకుండా కాంట్రాక్టరు నెట్‌లో చూసి వేయిస్తే మనం సంబరపడి ఊరుకోకూడదు.

హైదరాబాదులో బంజారా హిల్స్ ఉంది. పేరు బంజారాలది. 2022లో అక్కడ కొమురం భీమ్ ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ తెరిచారు. మంచిదే. కానీ ఆ కొండల మీద ఇప్పుడు ఇళ్లు ఎవరివో మీకు చెప్పనక్కర్లేదు. నేల పోయాక పేరు మిగలడం అంటే ఇదే. ఏజెన్సీలో మనకు 1/70 చట్టం ఉంది, పెసా ఉంది, గ్రామసభ ఉంది. వాటిని చదవండి. మీ ఊళ్లో కట్టడం వస్తుందంటే గ్రామసభలో లేచి అడగండి: నేల ఎవరి పేరున ఉంటుంది? బొమ్మ ఎవరు వేస్తారు? కూలి ఎంత? కింద ఆ కళాకారుడి పేరు రాస్తారా?

హాస్టళ్లలో పిల్లలతో ఉండేవాళ్లం కాబట్టి ఇంకో మాట చెబుతాం. పదో తరగతి తర్వాత ఏమవుతారంటే టీచర్, నర్సు, పోలీసు అంటారు. ఆర్కిటెక్ట్ అన్న మాట వినిపించదు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అందులో కట్టడాలూ చదవొచ్చు, బొమ్మలూ చదవొచ్చు. ఆర్కిటెక్చర్‌కు ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. లెక్కలంటే భయపడి ముందే వదిలేయకండి. ఎస్టీలకు సీట్లు ఉన్నాయి. నాటా, జేఈఈ రెండో పేపరు గురించి మీ టీచర్లను అడగండి.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాం. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊళ్లో ఇంకా నిలిచి ఉన్న పాత ఇల్లు ఒకటి చూడండి. పొడవు, వెడల్పు కొలవండి. నిట్రాట ఏ చెట్టుది, గోడలో ఏం కలిపారు, అటకను, అరుగును, పొయ్యి చోటును మన భాషలో ఏమంటారు అని అవ్వనో తాతనో అడిగి రాసుకోండి. ఆ కాగితాలు సంఘానికి పంపండి. రేపు మన పిల్లల్లో ఒకరు మన ఊళ్లో బడి కట్టే రోజు వస్తే, వాళ్లకు అవే మొదటి పాఠం.